అచ్చియ్యమ్మ వాటా

చోడవరం పక్కన గోవాడలో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులు. యంత్రాలు ఓడలో వస్తున్నాయని, వాటిని దింపే నాటికి షేరు కట్టిన రైతులను విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే బాగుంటుందని సహకార సంఘం వాళ్ళు అనుకున్నారు. ఆ ఆలోచన గణపతిరావుది. ఆయన సంఘానికి సూపర్‌వైజరు. సైకిలు మీద ఊరూరూ తిరిగి, అరుగుల మీద కూర్చుని, ఒక్కొక్క రైతునీ ఒప్పించి షేర్లు కట్టించిన మనిషి. ఫ్యాక్టరీ వస్తుందో రాదో అని ఊళ్ళలో గొణుగుడు మొదలయ్యేసరికి ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. కళ్ళతో చూస్తే గొణుగుడు ఆగుతుంది. పనిలో పనిగా సముద్రం, డాల్ఫిన్స్ నోస్ కొండ, రేవు అన్నీ చూపిస్తానని చెప్పి చోడవరంలో ఒక స్పెషల్ బస్సు మాట్లాడాడు.

ఆ బస్సు ఎక్కిన వాళ్ళలో ఆడమనిషి ఒక్కర్తే. బుచ్చయ్యపేట దగ్గర చెరుకు రైతు పరదేశి భార్య, అచ్చియ్యమ్మ. పరదేశి పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచి పొలం ఆవిడే చేస్తోంది. చెరుకు నాటించడం, నీరు పెట్టడం, నరికించడం, గానుగ ఆడించి బెల్లం వండడం, బండి కట్టించి అనకాపల్లి తోలించడం, అన్నీ ఆవిడే. ఇంట్లో అత్త నరసమ్మ తప్ప తోడు లేదు.

షేర్లు కట్టించుకోవడానికి గణపతిరావు వాళ్ళ ఊరు వచ్చినప్పుడు పరదేశి తమ్ముడు బంగార్రాజు ఆమెతో అన్నాడు.

"ఆడదానికి ఫేక్టరీలో వాటా ఏటి వదినా? నా పేరన రాయించీ. రేపు లాబం వొస్తే నానే తెచ్చి నీ సేతిలో పెడతాను."

"సెరుకు నాటినప్పుడు ఆడదాన్నని మానీమన్నావేటి? నరికినప్పుడు మానీమన్నావేటి?" అంది అచ్చియ్యమ్మ. "నా పేరే ఉండనీ."

నలుగురి ముందూ అన్న మాట అది. బంగార్రాజుకు తలకొట్టేసినట్టయింది. ఆనాటినుంచి వదినతో మాట్లాడడం మానేశాడు.

బస్సు సంగతి తెలిసినప్పుడు ఊళ్ళో కొందరు నవ్వారు. మగాళ్ళ బస్సులో ఆవిడెక్కడ కూర్చుంటుందని అడిగారు. అచ్చియ్యమ్మ కూడా ఒక పూట తటపటాయించింది. అత్త నరసమ్మే కోడలి నేతచీర మడత విప్పి దులిపి చేతికిచ్చింది.

"ఎల్లమ్మా. నానెలాగూ సముద్రం సూడనేదు. నువ్వు సూసొచ్చి సెప్పు."

తెల్లవారకముందే బస్సు చోడవరంలో బయలుదేరింది. అచ్చియ్యమ్మను డ్రైవరు వెనక సీటులో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బంగార్రాజు వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నాడు. అనకాపల్లి దాటేదాకా బాగానే నడిచింది. అక్కడినుంచి మంచు పట్టుకుంది. చెరువు గట్లూ తాటిచెట్లూ ఒక్కటీ కనబడడం లేదు. బస్సు దీపాలు ఎదుట రెండు తెల్లటి ముద్దల్లా ఆగిపోయాయి. డ్రైవరు బండి ఆపి, ఎవరైనా దిగి ముందు నడిస్తే తప్ప తోలలేనన్నాడు. మగవాళ్ళు వంతులు వేసుకుని, చేతిలో టార్చిలైటు పట్టుకుని, బస్సు ముందు నడిచారు. పెళ్ళికొడుకు పల్లకి ముందు నడిచినట్టుందని ఎవరో అంటే బస్సంతా నవ్వింది.

విశాఖపట్నం చేరేసరికి పొద్దెక్కింది గాని మంచు విడలేదు. మొదట సముద్రం చూపిస్తానని గణపతిరావు అందరినీ బీచిలో దింపాడు. అందరూ వరసగా ఇసకలో నిలబడి ముందుకు చూశారు. తెల్లగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు. లోపలనుంచి ఏదో పెద్ద ధాన్యపు రాశి కూలుతున్నట్టు చప్పుడు మాత్రం వస్తోంది.

"ఇదేనండి బంగాళాఖాతం," అన్నాడు గణపతిరావు. కుడివైపు చెయ్యి చాపి, "అదిగో, అక్కడ డాల్ఫిన్స్ నోస్. కొండ సముద్రంలోకి ముక్కులాగ పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీద దీపస్తంభం. రాత్రిపూట ఓడలకు దారి చూపిస్తుంది," అన్నాడు.

అందరూ కుడివైపు తిరిగారు. అక్కడా తెల్లగానే ఉంది.

"బాగుంది బాబూ," అన్నాడు సత్యారావు అనే ముసలి రైతు. గోవాడ మనిషి. ఆయన వేళాకోళం ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. "మా కళ్ళంలోనూ ఇంతే మంచుంది. అక్కడే నిలబెట్టి సెప్పీస్తే ఇంటికాడ సద్దన్నం తినీసేవోళ్ళం."

గణపతిరావు ముఖం చిన్నబోయింది. ఆయన ఆ మాటకు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

అచ్చియ్యమ్మ వాళ్ళ దగ్గర నిలబడలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, చప్పుడు వచ్చేవైపు నడుచుకుంటూ పోయింది. కాళ్ళ కింద ఇసక గట్టిపడింది, తరవాత తడిసింది. ఇంకో అడుగు వేసేలోగా చల్లటి నీళ్ళు ఎక్కడినుంచో వచ్చి పిక్కల దాకా కొట్టి, పాదాల కింది ఇసకను లాక్కుని వెనక్కి పోయాయి. ఆవిడ తూలి, రెండడుగులు వెనక్కి వేసింది. కాసేపాగి మళ్ళీ ముందుకు వెళ్ళింది. ఈసారి నీళ్ళు వచ్చినప్పుడు కదలకుండా నిలబడింది. వంగి దోసిలితో పట్టి నాలుక మీద వేసుకుంది. ఉప్పు. చిన్నప్పుడు విన్న మాట నిజమే.

"రండమ్మా, రేవుకు టైమైపోతోంది," అని వెనక గణపతిరావు కేక వినబడింది.

రేవు దగ్గర బస్సు దిగేసరికి బొగ్గు పొగ వాసన, చేపల వాసన, ఇంకా పేరు తెలియని వాసనలు. ఎక్కడో ఓడ కూత పెట్టింది. ఆ కూత గుండెల్లోంచి పోయినట్టయి అందరూ ఒకసారి ఆగి, మళ్ళీ నడిచారు. ఓడలోని సరుకు దింపించే ఏజెంట్ల షెడ్డు ఒకటుంది. లోపలికి వెళ్ళాలంటే దాని గేటు దాటాలి. గేటు దగ్గర కోటు వేసుకున్న గుమాస్తా ఒకాయన చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాడు. గణపతిరావు అనుమతి కాగితం చూపించాడు. ఆయన దాన్ని చూసి, మనుషులను చూసి, అచ్చియ్యమ్మ దగ్గర ఆగాడు.

"ఈవిడెవరు? కూలి మనిషా? కూలీలను బయటే ఉంచండి."

"కాదండీ, ఆవిడ మా మెంబరు," అన్నాడు గణపతిరావు.

"మెంబరైనా ఎవరైనా ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. నెత్తి మీద టన్నుల బరువులు తిరుగుతుంటాయి. ఈ మంచులో ఏదైనా జరిగితే నా ఉద్యోగం పోతుంది. మీరందరూ వెళ్ళి చూసిరండి. ఆవిడ బస్సులో కూర్చుంటుంది."

గణపతిరావు ఏదో చెప్పబోయి, తడబడి, అచ్చియ్యమ్మ వైపు చూశాడు. మీరు వెళ్ళండి, నేనిక్కడ ఉంటాను అనే మాట ఆవిడ నాలుక చివరికి వచ్చింది. ఇన్నేళ్ళూ అలవాటైన మాట అది. పెళ్ళిళ్ళలోనూ పంచాయితీల్లోనూ ఎన్నిసార్లో అన్న మాట. కాని ఆ వేళ ఆవిడ దాన్ని బయటికి రానివ్వలేదు. నోరు మూసుకుని, ఉన్నచోటే నిలబడింది.

"ఏటన్నారు బాబూ?"

అందరూ వెనక్కి చూశారు. బంగార్రాజు. గుంపు వెనకనుంచి తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"కూలి మనిసన్నారు. ఆవిడ మా వదిన. మా అన్న పోయేక సెరుకు తోటంతా ఒక్కర్తీ సేసుకొచ్చింది. ఒక్క ఏడు బీడు పెట్టనేదు. ఈ ఫేక్టరీకి మాతోపాటు ఆవిడా వాటా కట్టింది. మాకెంతుందో ఆవిడకీ అంతే ఉంది."

"నేను కాదనడం లేదయ్యా. రూలు చెబుతున్నాను."

"మీ రూలు మీరు సెప్పేరు. మా మాట మేం సెప్తన్నాం. ఆవిడ రాకపోతే మేవూ రాం."

"ఒరే బంగార్రాజూ," అన్నాడు సత్యారావు మెల్లగా. "ఇంత దూరం వొచ్చి గేటు సూసి పోతావేట్రా?"

"పోతాను."

సత్యారావు భుజం మీది కండువా తీసి, గేటు పక్కన పడి ఉన్న రైలు పట్టాల దుంగల్లో ఒకదాని మీద పరిచి, దాని మీద నింపాదిగా కూర్చున్నాడు. "అయితే నానూ గేటే సూస్తాను," అన్నాడు. ఒకరి తరవాత ఒకరు మిగతావాళ్ళూ కూర్చున్నారు. పొగమంచులో దుంగల మీద తలపాగాల వరస.

అచ్చియ్యమ్మ కూర్చోలేదు. గుమాస్తా ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"బాబూ, మీ ఉద్యోగం పోవాలని మాకు నేదు. లోన దిగుతున్న ఇనపసామానులో నాదీ ఓ ముక్కుంది. అది ఏ ముక్కో నాకు తెల్దు. ఒక్కసారి సూసుకుని పోతాను. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను."

ఈ మాటలు జరుగుతుండగా షెడ్డులోంచి గళ్ళ లుంగీ కట్టుకున్న మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నెరిసిన గడ్డం, చేతులనిండా గ్రీజు. బాబ్జాన్. ఓడ మీది సరుకు దింపే కళాసీలకు మేస్త్రీ. పుట్టింది అనకాపల్లిలోనే.

"సార్, తాడు కట్టిన చోట ఇవతల నిలబడితే భయం లేదు," అన్నాడు గుమాస్తాతో. "నేను పక్కనుంటాను. ఆవిడ పూచీ నాది."

"నీదేనా?"

"నాదే సార్."

గుమాస్తా కాగితం మళ్ళీ ఒకసారి చూసి, మడిచి గణపతిరావుకు ఇచ్చేశాడు. "త్వరగా రండి," అన్నాడు. గేటు తెరుచుకుంది. దుంగల మీది వాళ్ళు లేచారు గాని ఎవరూ ముందు నడవలేదు. అచ్చియ్యమ్మకు దారి ఇచ్చారు. ఆవిడ ముందు నడిచింది.

లోపల ఓడ కనబడలేదు. నల్లటి ఇనప గోడ ఒకటి నేలలోంచి లేచి మంచులోకి పోయింది, అంతే. అది ఓడ అని బాబ్జాన్ చెబితే తెలిసింది. ఒక పక్కన పెద్ద పెద్ద చెక్క పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎడ్లసాల అంత ఉంది. వాటి మీద నల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాసి ఉన్నాయి. గణపతిరావు ఒక పెట్టె దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, చదవబోయి ఆగిపోయాడు.

"ఏటి రాసుంది?" అన్నాడు సత్యారావు.

"చోడవరం," అన్నాడు గణపతిరావు. "చోడవరం అని రాసి ఉంది."

సముద్రం అవతల, వాళ్ళలో ఎవరూ పోని దేశంలో, వాళ్ళు ఎరగని మనుషులెవరో కూర్చుని ఆ పేరు రాశారు. ఏదో ఓడరేవులో ఎక్కించారు. ఇన్ని రోజులు నీళ్ళ మీద ప్రయాణం చేసి వచ్చింది ఆ పేరు.

"ఆ పేరు ఎక్కడినుంచి ఎక్కడి దాకా బాబూ?" అని అడిగింది అచ్చియ్యమ్మ. గణపతిరావు వేలు పెట్టి చూపించాడు. ఇది మొదలు, ఇది చివర. ఆవిడ ఒక్కొక్క అక్షరం మీదుగా వేలు నడిపించింది. ఆవిడ తరవాత మిగతావాళ్ళూ వచ్చి తలా ఒకసారి ముట్టుకున్నారు.

"తాడు దగ్గరికి రండి, తాడు దగ్గరికి," అని బాబ్జాన్ అందరినీ ఇవతలకు జరిపాడు. అచ్చియ్యమ్మ పక్కన తనే నిలబడ్డాడు. పైన మంచులో ఎక్కడో గొలుసులు కదిలాయి. "ఆరియా, ఆరియా" అని ఒక గొంతు. కిందికి దింపమని కళాసీల కేక అది. తలలెత్తి చూస్తే మొదట ఏమీ లేదు. తరవాత ఆ తెల్లదనంలో ఒక నల్లటి మచ్చ. మచ్చ పెద్దదయింది, గుండ్రమయింది, బరువయింది. పట్టుకున్న ఇనప తాడు తప్ప, దాన్ని మోసే క్రేను గాని క్రేను నడిపే మనిషి గాని కనబడడం లేదు. ఆకాశమే దాన్ని నెమ్మదిగా కిందికి దింపుతున్నట్టుంది. నలుగురు కళాసీలు చేతులెత్తి అందుకుని, తిప్పి, దుంగల మీద పడుకోబెట్టారు. నేల చిన్నగా అదిరింది.

రోలరు. చెరుకు నలిపేది. ఒళ్ళంతా గాట్లు పడిన ఇనప దిమ్మ. మనిషి ఎత్తు కాదు గాని మనిషి రొమ్ము దాకా వస్తుంది.

"ఇప్పుడు రావచ్చమ్మా," అన్నాడు బాబ్జాన్.

అచ్చియ్యమ్మ వెళ్ళి దాని మీద ఎడమచెయ్యి వేసింది. ఆ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. పరదేశి పోయిన ఏడే, గానుగలో చెరుకు పెడుతూ కునికితే, రోలర్ల మధ్య పోయాయి. ఎడ్లను ఆపిన మనిషి బంగార్రాజే. చెయ్యి గుడ్డలో చుట్టి, బండి మీద పడుకోబెట్టి, అనకాపల్లి దాకా ఎడ్లను పరిగెత్తించాడు. ఇప్పుడు ఆ చెయ్యి రోలరు మీద ఉండడం చూసి అతను ముఖం తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. వచ్చి పక్కన నిలబడ్డాడు.

"దీన్లో సెయ్యెట్టక్కర్నేదట వదినా. సెరుకు దానంతటదే లోనికెల్తాదట. గణపతిరావు బాబు సెప్పేరు."

షేరు నాటినుంచి అతను వదినతో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎంత సెరుకు తింటాదో," అంది అచ్చియ్యమ్మ.

"మన సుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి తేవాల."

"తెద్దాం."

వాళ్ళు అక్కడుండగానే ఎండ వచ్చింది. మంచు పై నుంచి కాక కింద నుంచి లేవడం మొదలుపెట్టింది. మొదట నీళ్ళు కనబడ్డాయి, పచ్చగా. తరవాత నల్లటి ఇనప గోడ పెరుగుతూ పెరుగుతూ పోయి, పైన తెల్లటి గదులు, పొగగొట్టం, జెండా. రెయిలింగు దగ్గర ఎర్రటి ముఖాల నావికులు కాఫీ తాగుతూ కిందికి చూస్తున్నారు. తలపాగాలు కట్టిన రైతులూ, మధ్యలో ముదురు చీరలో ఒక ఆడమనిషీ, ఒక ఇనప దిమ్మ చుట్టూ నిలబడి ఉండడం వాళ్ళకు వింతగా ఉండి ఉంటుంది. ఒకడు చెయ్యి ఊపాడు. సత్యారావు కండువా తీసి ఊపాడు. "మా యిల్లూ మా అన్నదమ్ముల ఇళ్ళూ అన్నీ ఈ ఓడలో పట్టీస్తాయి," అన్నాడు, ఈసారి వేళాకోళం లేకుండా. దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా తేలింది. దాన్ని అందరికంటే ముందు చూసినవాడు గణపతిరావే. పొద్దున చెప్పినచోటే ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాడు.

వచ్చేటప్పుడు గేటు దగ్గర గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూశారా అమ్మా?" అని అడిగాడు. "సూసేను బాబూ. మీ దయ," అంది అచ్చియ్యమ్మ. బాబ్జాన్ బస్సు దాకా వచ్చి సాగనంపాడు. అనకాపల్లిలో తన అక్క అజీజున్నీసా ఇంటికి వెళ్ళినప్పుడల్లా బెల్లం కొంటుంటానని, ఇకమీదట చక్కెర కొనాలేమో అని నవ్వాడు.

తిరుగు దారిలో మళ్ళీ బీచిలో ఆగారు. ఈసారి సముద్రం పూర్తిగా కనబడింది. మగవాళ్ళు పిల్లల్లా నీళ్ళలోకి పరిగెత్తారు. అచ్చియ్యమ్మ ఒడ్డున కూర్చుని, అత్తకు చెప్పడం కోసం, ఈ చివరినుంచి ఆ చివరికి నింపాదిగా చూసింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. ఇంటి ముందు జనం. పక్కింటి సన్యాసమ్మ, ఎదురింటి దేముడమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు నరసమ్మ చుట్టూ కూర్చుని ఎదురుచూస్తున్నారు. అచ్చియ్యమ్మ నోరు విప్పేలోగా బంగార్రాజు తల్లి పక్కన చతికిలబడి మొదలుపెట్టాడు. మంచు సంగతి, గేటు సంగతి, రోలరు సంగతి. గుమాస్తాను పోలీసు దారోగా అంత చేశాడు. రోలరును ఏనుగంత చేశాడు.

"అంత నేదులే," అంది అచ్చియ్యమ్మ, కాళ్ళు కడుక్కుంటూ.

"నీకు తెల్దు, నువ్వూరుకో," అన్నాడు బంగార్రాజు. "మా వదిన ముందు నడిసింది. మేవంతా ఎనక నడిసేం."

నరసమ్మ చూపు సరిగా ఆనని కళ్ళతో కోడలి వైపు చూసి, "సముద్రం సూసేవా?" అని అడిగింది.

"సూసేనత్తా. అది అందరిదీ," అంది అచ్చియ్యమ్మ. "ఓడలోంచి దిగింది మాత్రం మనది."

ఆ రాత్రి సన్యాసమ్మ ఇంటికి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. షేరు కట్టాలంటే ఎవరిని అడగాలని మెల్లగా అడిగింది.

ఆ మరుసటేడు గోవాడలో సంఘం సభ జరిగింది. షామియానా కింద బెంచీలు వేశారు. ఆ ఊరివాళ్ళు చెప్పుకునేది ఏమిటంటే, ఆ సభకు ఆడవాళ్ళు ఒక బెంచీ నిండా వచ్చారట. ఎక్కడో పక్కన చాప మీద కాదు, మొదటి వరస బెంచీ మీదే కూర్చున్నారట. ప్రశ్నలుంటే అడగండని పెద్దలు అనగానే మొదట లేచి నిలబడింది అచ్చియ్యమ్మేనని, ఆవిడ మాట్లాడినంతసేపూ షామియానాలో దగ్గు కూడా వినబడలేదని బంగార్రాజు ఇప్పటికీ చెబుతాడు.